ధర్మవరంలో, మగ్గం పక్క పలక మీద

"నీ పెళ్లి నటనా, లేక నాతో ఉండటం నటనా?" అని శారద నన్ను మొదటిసారి కళ్యాణదుర్గం బస్టాండులో అడిగింది. ఆమె ఆ ఊళ్లో నర్సు. మేం ప్రేమించుకోవడం మొదలై అప్పటికే ఏడాది దాటింది. అద్దె గది ఖాళీ చేసి అనంతపురంలో నా దగ్గరికి వచ్చేయాలా వద్దా అన్నదే తేలడం లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె మనసు ఆడవాళ్ల మీదే. లెస్బియన్‌నని నోరారా చెప్పుకుంటుంది. నేనేమో ఓ మగవాడితో కొన్నేళ్లు కాపురం చేసి, గొడవలు ముదిరి విడిపోయినదాన్ని. అప్పట్లో అతనంటే ఇష్టముండేదని చెబితే ఎక్కడ బాధపడుతుందోనని ప్రతిసారీ మాట మార్చేదాన్ని. చివరికి, ధర్మవరంలో ఉన్న మా మేనత్తకు ఆమెను పరిచయం చేద్దామని బయలుదేరాం. నా పెళ్లి కుదిర్చింది ఆ అత్తే.

అనంతపురం నుంచి బస్సులో గంట పైచిలుకు ప్రయాణం, ఛార్జీ వందలోపే. రైళ్లూ ఉన్నాయి గానీ వేళ కుదరాలి. ఎండాకాలమైతే పొద్దున్నే ఎక్కండి, పదయ్యేసరికి కిటికీ ఊచ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. దున్ని వదిలేసిన ఎర్రచేలు దారంతా వాన కోసం కాచుకుని ఉన్నాయి. ధర్మవరంలో దిగగానే ఆటో డ్రైవర్ "యాడికక్కా, చీరలకా?" అన్నాడు.

"మా అత్త ఇంటికి, అన్నా."

"మరి ఆయక్క?"

"ఆమె కూడా ఆడికే" అన్నాను. శారద మొహం అటు తిప్పుకుంది. ఆమె నాకేమవుతుందో చెప్పకుండా దాటేసినందుకు నామీద నాకే చిరాకేసింది.

అత్తవాళ్ల ముందుగదంతా మగ్గమే. వాళ్లు నేసే కుట్టు అంచు చీరకు ఇద్దరు మనుషులు కావాలి. మామ గుంటలో కూర్చుని నేస్తుంటే, అంచు వైపు చెక్క పలక మీద ఇంకొకరు కూర్చుని, అంచు దారం కండె ఉండే నాడె అందించాలి. ఎంత పెద్ద షావుకారు వచ్చినా ఆ పలక మీద కూర్చోనివ్వరు, అది ఇంటి మనిషి చోటు. ఇన్నేళ్లూ అక్కడ అత్తే కూర్చుంది. మమ్మల్ని చూసి లేచొచ్చి బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు పెట్టింది. తింటూనే చెప్పేశాను.

"అత్తా, మేమిద్దరం కలిసి బతకాలనుకుంటాండాం. స్నేహితుల మాదిరి కాదు, మొగుడూపెళ్లాల మాదిరి."

అత్త బజ్జీల పళ్లెం పక్కకు జరిపింది. "ఆ పొద్దు మొగునితో బాగనే ఉంటివి గదే పాపా. ఆ నగేది, ఆ సంబరమంతా నటనేనా?"

మళ్లీ అదే ప్రశ్న. శారద ప్లేటులోంచి తల ఎత్తలేదు. ఈసారి మాట మార్చే దారి లేదు.

"కాదత్తా. అప్పుడు ఆయప్పంటే నిజంగానే ఇష్టముండె. ఇప్పుడు ఈమంటే ప్రాణం. రెండూ నిజమే."

"అట్లుంటే నిన్ను ఏమంటారే?"

"బైసెక్సువల్ అంటారు. ఆ పేరు నాకే ఇంకా అలవాటు కాలేదు."

అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పేరుతో నాకేం పని? ఇష్టం లేని చోటికి నిన్ను నేనే తోసినానేమోనని, మీరు ఇడిపోయినప్పట్నుంచి కుమిలిపోతాండా. ఇష్టంగానే ఉన్నానంటివి, అంతే సాలు."

శారద నావైపు తిరిగింది. "ఈ మాట నాకు ఎప్పుడో చెప్పొచ్చు గదా?"

"బాధపడతావని."

"ఆయప్పతో అన్నేండ్లు నటించినదానివైతే, నాతో కూడా నటిస్తాండావేమోనని కదా నా బాధ!"

ఏ మాట ఆమెను దూరం చేస్తుందని భయపడ్డానో, ఇన్నాళ్లుగా ఆమె ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే.

"పని నిలిచిపోయినాది, ఎవురన్నా వస్తారా?" అని మామ మగ్గం దగ్గర్నుంచి కేకేశాడు. అత్త లేవబోయి మళ్లీ కూలబడింది. "నా మోకాళ్లు పట్టుకున్యాయి. శారదా, నువ్వు పోయి కూర్చో పో."

శారద వెళ్లి పలక మీద కూర్చుంది. మొదటిసారే నాడె తప్పుగా వేసింది. మామ ఆ పోగు లాగేసి "తొందరేం లేదులేమ్మా" అన్నాడు.

మనసు ఎవరి మీదికి పోతుంది, ఎవరితో కాపురం చేస్తాం, మనల్ని మనం ఏమని పిలుచుకుంటాం అన్న మూడింటికీ ఒకటే జవాబు ఉండాలనుకునేదాన్ని. శారదకు ఉంది. నాకు లేదు. ఏ పేరూ పెట్టుకోకుండా బతికేసేవాళ్లూ ఉంటారు కదా, వాళ్లంతా ఈ ప్రశ్నలకు ఏం చెప్పుకుంటారో తెలుసుకోవాలనిపిస్తోంది. తిరుగు బస్సులో శారద ఇంటి ఓనరుకు ఫోన్ చేసి, నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని చెప్పింది.

మగ్గాలు చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చెప్పులు బయటే విడవండి, పిలవకుండా ఆ పలక మీద కూర్చోకండి. పిలిస్తే మాత్రం ఆలోచించకుండా కూర్చోండి.