ఆకుపచ్చ ముఖం

మేం పనిచేసే ఫొటో స్టూడియోలో అందరూ మా రెండో మావయ్యను రంగుల మావయ్య అనేవారు. నలుపు తెలుపు ఫొటోలకు చేత్తో రంగులు అద్దడం ఆయన పని. కిటికీ పక్కన బల్ల, దాని మీద రంగు సీసాలు, సన్నని కుంచెలు, దూది. చీర ఏ రంగో, చొక్కా ఏ రంగో ఫొటో వెనక పెన్సిల్‌తో నేను రాసిపెట్టేదాన్ని. ఆయన ఆ రాత చూసి, సీసా మీద పేరు చూసి, కుంచె ముంచేవాడు. గీత దాటి ఒక్క చుక్క పోనిచ్చేవాడు కాదు. పొగరూ అంతే ఉండేది. నా చీర రంగు నప్పలేదని మొహం మీదే అనేసేవాడు. నేను నిజమేననుకుని ఇంటికెళ్ళి మార్చుకునేదాన్ని.

ఇంతలో కలర్ ఫొటోలు వచ్చిపడ్డాయి. చేతిరంగులు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. యజమాని కలర్ ప్రింట్లు తీసే యంత్రం తెప్పించి, దాన్ని నడిపేది మావయ్యేనని మాటిచ్చాడు. అది పట్టుబడకపోతే మావయ్యకు స్టూడియోలో ఇక పని లేదు. వేరే పని ఆయనకు రాదు.

యంత్రానికి మూడు నాబ్‌లు. ఫొటోలో ముఖం సహజంగా కనబడేదాకా వాటిని తిప్పుతూ ప్రింట్లు తీసి చూసుకోవాలి. మావయ్య మొదటి ప్రింటుకు అత్తయ్య ఫొటోనే ఎంచుకున్నాడు. ఒక పూటంతా తంటాలు పడి, తడి ఆరని కాగితంతో చీకటి గదిలోంచి కొత్త పెళ్ళికొడుకులా బయటికొచ్చాడు. అత్తయ్య అప్పటికే వచ్చి కూర్చుంది.

ఫొటోలో అత్తయ్య ముఖం, పళ్ళతో సహా, ఆకుపచ్చగా ఉంది. పరాచికమేమో అనుకుని నవ్వబోయాను. మావయ్య ముఖంలో గర్వం చూసి నవ్వు ఆపుకున్నాను. యంత్రం పాడైందేమో అన్నాడు యజమాని. ఇంత బాగా వస్తే పాడవడమేమిటని మావయ్య తెల్లబోయాడు.

అత్తయ్య లేచి బల్ల మీది రెండు సీసాలు తీసుకుంది. వాటి పేర్లు వేళ్ళతో మూసి చూపించింది.

"వీటిలో గులాబీ ఏదండీ?"

మావయ్య నవ్వుతూ చెయ్యి చాపాడు. ఆగాడు. కిటికీ వెలుగులోకి తెమ్మన్నాడు. చివరికి లేత ఆకుపచ్చ సీసా ముట్టుకున్నాడు.

ఊళ్ళో సగం ఇళ్ళ గోడల మీద ఈయన రంగులద్దిన ఫొటోలే. అన్నీ పేర్లు చదివి వేసిన రంగులే! ఎరుపూ ఆకుపచ్చా తనకు ఒకేలా కనబడతాయని ఆయనకూ ఆ క్షణం దాకా తెలియదు. చిన్నప్పటినుంచీ నలుగురూ దేన్ని ఎరుపంటే దాన్నే ఎరుపన్నాడు, అందరికీ అలాగే కనబడుతుందనుకున్నాడు.

యజమాని, ప్రింట్ల రంగు మీరు చూసి చెప్పగలరా అని అత్తయ్యను అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి ఎదురుగా ఉండగానే ఆయన పని ఇంకొకరికి ఇచ్చేయడమేనా?

మావయ్యకు ఇవేవీ వినబడినట్టు లేదు. ఫొటోను, అత్తయ్యను మార్చి మార్చి చూస్తున్నాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయే," అన్నాడు.

"నేను ఇలా లేనండీ."

"నాకు ఇలాగే ఉన్నావు. పెళ్ళినాటి నుంచీ."

అత్తయ్య ఏడ్చేసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని యజమాని వైపు తిరిగింది.

"నాబ్‌లు ఆయనే తిప్పాలి. నేను పక్కన కూర్చుని చూస్తాను. ఒక్కదాన్నే అయితే రాను."

ఇంకో కుర్చీ తెమ్మని యజమాని నాకు సైగ చేశాడు.