నీటి ఒడ్డున చెప్పుల వరుస

గురువారం పొద్దున, ఇక్కడ గల్ఫులో, అల్ అజీజియాలోని మా దుకాణం షట్టరు ఎత్తుతుండగా లింగన్న దగ్గర్నుంచి ఫోను వచ్చింది. లింగన్న తాపీ మేస్త్రి, నిర్మల్ దగ్గరి మనిషి. ఆ వేళకు సైటు మీద ఉంటాడు, ఎవరికీ ఫోను చేయడు. "అన్నా, చాచా ఇగ లేడు" అన్నాడు. ఇద్దరం అలాగే ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాం. దుకాణంలో ఫ్రిజ్‌ల చప్పుడు నాకు వినిపిస్తోంది. అవతల సైటులో కాంక్రీటు మిషను తిరుగుతోంది.

మదీనత్ ఖలీఫాలో ఒక విల్లా వెనక డ్రైవర్ల గదిలో ఉండేవాడు చాచా. తెల్లవారుజామున నమాజుకు లేవకపోతే పక్క మంచం మనిషి తట్టి చూశాడట. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు.

మేమెవరమూ ఆయన్ని చాచా అని తప్ప మరో పేరుతో పిలవలేదు. ఆస్పత్రిలో ఎవరో పాస్‌పోర్టు చూసి పేరు చదువుతుంటే ఎవరో కొత్తవాడి పేరు విన్నట్టే అనిపించింది. అందుకే ఇక్కడ కూడా చాచా అనే రాస్తాను. నేను రోజూ దుకాణం లెక్కలు రాసుకునే మనిషిని. ఆ పని కూడా ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. మనిషి గురించి రాయడం ఇదే మొదలు. ఆయన వ్యానులో కూర్చుని ఎప్పుడో ఒకప్పుడు ఈ దేశపు ఉత్తర తీరానికి వెళ్ళొచ్చినవాళ్ళు మీలో కొందరైనా ఉంటారన్న ధైర్యంతో రాస్తున్నాను.

చాచాది కరీంనగర్ పక్క పల్లె. ఇక్కడ టూర్ కంపెనీలో డ్రైవరు, గైడు రెండూ ఆయనే. ఒక్కో బండిలో నలుగురైదుగురు పర్యాటకులను ఎక్కించుకుని ఒక్కరోజులో తిప్పి తీసుకురావడం పని. ఉత్తరాన పాత కోట, ఇసుకలోంచి తవ్వి తీసిన పట్టణపు గోడలు, జనం వదిలేసి వెళ్ళిన జాలర్ల ఊళ్ళు, మడ చెట్ల మధ్య ఈత కొట్టే చోట్లు, ఇవీ ఆయన చూపించేవి. ఇంటి దగ్గర ఆయన భార్యకు ఈ ఉద్యోగం మీద నమ్మకం లేదట. ఆమె లెక్కన గల్ఫంతా దుబాయే. వాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు, మాకు తెలుగు చేసి చెప్పేవాడు. "దుబాయ్ల సూడనీకె ఏముంటది, ఇసుకనే గదా" అని ఆమె అంటే, "ఆ ఇసుక సూపిచ్చే గదా నీ ఇంటికి స్లాబు ఏసింది" అని ఈయన అనేవాడట.

పర్యాటకులకు ఇంగ్లీషులో చెప్పేది కంపెనీ నేర్పిన పాఠం. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా అప్పజెప్పేవాడు. మాకు చెప్పేది వేరు.

మాకు చెప్పడం అంటే శుక్రవారాల్లో. ఆ రోజు ఆయనకు సెలవు, మాకూ సెలవు. కానీ ఒంటరి మగవాళ్ళకు శుక్రవారం చాలాచోట్ల ప్రవేశం ఉండదు, ఫ్యామిలీ డే అంటారు. కూలీలుండే క్యాంపులో మంచం మీద పడుకుని ఫోను చూడటమే సెలవు. చాచా తన యజమానిని అడిగి, ఆ రోజు ఖాళీగా నిలబడి ఉండే చిన్న వ్యాను తీసుకునేవాడు. జుమ్మా నమాజు అయ్యాక క్యాంపు గేటు ముందు హారను వినిపించేది. సీట్లు ఉన్నంతమందే ఎక్కాలి. నిలబడి వస్తామని బతిమాలినా ఒప్పుకునేవాడు కాదు. "వచ్చే శుక్రారం నువ్వే ముందల కూసో, ఇయ్యాల దిగు" అని నవ్వుతూనే దింపేసేవాడు.

పాత పట్టణం గోడల దగ్గర ఆయన చెప్పే తీరు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "రాజుల కత నాకు తెల్వదు. ఈ గోడ కట్టినోడు మీ అసొంటోడే. మట్టి పిసికిండు, రాయి మోసిండు. మీరు మూలలు సూడుండ్రి, మీకే తెలుస్తది" అనేవాడు. నిజంగానే మా వాళ్ళు మూలలు చూసేవాళ్ళు. లింగన్న అరచెయ్యి ఆనించి, కళ్ళు చిన్నవి చేసి గోడ నిలువు చూసి, "మంచిగనే తూకం పట్టిండ్రు" అని ఒప్పుకునేవాడు. తోటి పనివాడి పనిని మెచ్చుకున్నట్టే ఉండేది.

ఆ తర్వాత ముత్యాలవాళ్ళ సంగతి. ఈ తీరంలో చమురు దొరక్కముందు జనం సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు తెచ్చి బతికేవాళ్ళు. మునిగేవాడి నడుముకు తాడు, ఆ తాడు కొస పడవలో ఒకడి చేతిలో. కింద నుంచి తాడు కదిలిందా, పైవాడు లాగాలి. "ముత్యం తెచ్చినోని గురించి అందరు చెప్తరు. తాడు పట్టినోడు ఏం జేసిండు? కూసున్నడు, సూసిండు. గంతే. ఆ పని నాది" అనేవాడు చాచా.

ఆ మాట ఊరికే అనలేదని తర్వాత తెలిసింది. జాలర్ల ఊరు పక్కన సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య ఒక మడుగు నిలుస్తుంది. అంచుల్లో మోకాలి లోతు, నడుమ మనిషి మునిగేంత. మా వాళ్ళు ఈదేది అందులోనే. నీళ్ళలోకి దిగేముందు ప్రతివాడూ ఒడ్డున చెప్పులు విడిచి వరుసలో పెట్టాలి. ముందు చాచా తన నల్ల తోలు చెప్పులు పెట్టేవాడు, ఆ పక్క నుంచి మిగతావాళ్ళవి. ఆయన నీళ్ళలోకి దిగడు. అయినా చెప్పులు లేకుండా, పంట్లాం మోకాళ్ళదాకా మడిచి, ఐసు డబ్బా మీద కూర్చుని ఆ వరుస చూస్తుండేవాడు. బయటికి వచ్చినవాడు తన చెప్పులు తొడుక్కోవాలి. అందరివీ అయ్యాక చివరికి తనవి తొడుక్కుని "యల్లా, పోదాం పాండ్రి" అనేవాడు. అప్పుడే బండి ఎక్కడం. "నీళ్ళల్ల తలకాయలన్నీ ఒక్కతీరే ఉంటయి బిడ్డా. ఎవడు ఎవడో నాకు కనవడదు. చెప్పులైతే కనవడ్తయి" అన్నాడు ఒకసారి ఎవరో నవ్వితే.

నాకు ఈత రాదు. అందుకని ఆయన పక్కనే ఇసుకలో కూర్చునేవాణ్ణి. ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఇచ్చేవాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒక సాయంత్రం మాత్రం, చూపు వరుస మీద నుంచి తిప్పకుండానే చెప్పాడు. వాళ్ళ ఊరి బయట గ్రానైటు రాయి తీసిన గుంతలో వాననీళ్ళు నిండితే పిల్లలు ఈతకు వెళ్ళేవాళ్ళట. ఈయన తమ్ముడు కూడా వెళ్ళాడు. చీకటిపడ్డాక వెతుకుతూ వెళ్తే గట్టు మీద చెప్పులు ఉన్నాయి. "గా చెప్పులు సూసినంకనే మాకు సమజయింది. పొద్దుగాలనే ఎవలన్న సూసి ఉంటే..." అని ఆగిపోయాడు. ఫ్లాస్కు మూత బిగిస్తూ, "నువ్వు ఎవ్వలకు చెప్పవు గాబట్టి నీకు చెప్పిన" అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఇక లింగన్న సంగతి. ఈ మధ్య చలికాలంలో ఒక శుక్రవారం. ఎండ వాలుతోంది, సముద్రం తిరిగి పైకి వస్తోంది. చాచా కేక వేస్తే అందరూ ఒడ్డుకు వచ్చి, ఒళ్ళు తుడుచుకుని, చెప్పులు తొడుక్కున్నారు. వరుసలో ఒక్క జత మిగిలింది. నీలం పట్టీలవి. అటువంటివి క్యాంపులో సగం మందికి ఉన్నాయి. ఎవరివి అని చూసుకుంటే లింగన్న లేడు.

పిలిచారు. జవాబు లేదు. మడుగులో పైకి ఎవరూ కనిపించడం లేదు. కొత్త నీరు కలిసి అడుగు మసకబారింది. నేను తల తిప్పేలోపే చాచా నీళ్ళలో ఉన్నాడు. గుండెకు మందులు వాడే మనిషి, లాల్చీ కూడా విప్పలేదు. ఈత వచ్చినవాళ్ళు ఆయన వెనకే దూకారు. మునిగి లేచినప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చాచా మెడ లోతులో నిలబడి కాళ్ళతో అడుగంతా తడుముతూ, "లింగా, లింగా" అంటున్నాడు. గట్టిగా కూడా కాదు. పక్కనున్నవాణ్ణి పిలిచినట్టు.

అప్పుడు పాడుబడ్డ ఊరి వైపు నుంచి లింగన్న నడుచుకుంటూ వచ్చాడు. ఒట్టి కాళ్ళు, భుజం మీద తువ్వాల. నీళ్ళలో అందరినీ చూసి గాభరాపడి, "ఏమైందన్నా, ఎవలన్న మునిగిండ్రా?" అని నన్నే అడిగాడు.

ఆ ఊళ్ళో ఒక పాత మసీదు ఉంది. కప్పు కూలిపోయి గోడలు, మినారు మాత్రం నిలిచాయి. ఇంటి దగ్గర బిడ్డకు జ్వరం తగ్గడం లేదని ఫోను వచ్చిందట లింగన్నకు. మొక్కుకుందామని అక్కడికి వెళ్ళాడు. ఎలాగూ మసీదు ముందు విడిచేవే కదా అని చెప్పులు వరుసలోనే ఉంచి వెళ్ళాడు. అతను గుడి అయినా మసీదు అయినా చెప్పులతో పోవడం ఎరగడు. కూలిపోయిన మసీదుకు చెప్పులు విడిచేదేందని ఒకతను తిడితే, "కప్పు లేకుంటే మసీదు గాదా?" అని నెమ్మదిగా అడిగాడు.

చాచా తిట్టలేదు. ఒడ్డుకు వచ్చి ఇసుకలో కూలబడ్డాడు. నేను చాయ్ పోసి ఇస్తే తాగకుండా కప్పు ఇసుకలో పెట్టేశాడు. "బిడ్డ పానం ఎట్లున్నది ఇప్పుడు?" అని లింగన్నను అడిగాడు. తగ్గుతున్నదని చెబితే తల ఊపాడు. చెప్పులు తొడుక్కున్నాడు. యల్లా అనలేదు. దారిలో, "ఇగ ఖలాస్. నాతోని గాదు" అన్నాడు.

తర్వాత శుక్రవారం హారను మోగలేదు. ఆ పై వారం కూడా. మేము మదీనత్ ఖలీఫాకు వెళ్ళి అడిగాం. ఆయన మానేసింది గుండె కోసం కాదని నాకు తెలుసు. ఈసారి ఆ జత నిజంగానే మిగిలిపోతే ఎలా అన్నదే ఆయన భయం. మాట మార్చి చాయ్ పెట్టించేవాడు. చివరికి ఒకరోజు లింగన్న ఒక్కడే వెళ్ళాడు. ఆ గది గుమ్మంలో చెప్పులు విడిచి, వాటిని రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చి నిలబడ్డాడట. "గిట్ల చేతుల వట్టుకొని తిరుగుతా చాచా. మసీదులకు వోయినా, ఏడికి వోయినా. నువ్వు బండి తియ్యి" అన్నాడట. "అరే, చెప్పులు వట్టుకొని మసీదులకు వోతే నిన్ను తన్నరా?" అని చాచా పడీపడీ నవ్వాడని పక్క మంచం మనిషి చెప్పాడు. ఆ వారం హారను మోగింది. ఆ పాత మసీదు పక్కకు వెళ్ళాలంటే ముందు తనకు చెప్పి వెళ్ళాలన్న షరతు ఒకటి పెరిగింది. చనిపోయే ముందటి శుక్రవారం దాకా ఆ వరుస చూస్తూనే ఉన్నాడు. ఆయన కాపలాలో ఏ జతా మిగిలిపోలేదు.

ఇంటికి పంపించడమా, ఇక్కడే ఖననం చేయడమా అని అడిగితే ఆయన కూతురు ఫోనులో చాలాసేపు ఏడ్చి, "అబ్బాకు ఆడనే మట్టి ఇయ్యుండ్రి. మీరందరు ఉన్నరు గదా" అంది. శుక్రవారం సాయంత్రం ఆయన నడిపిన వ్యానులోనే వెళ్ళాం. ఆయన కంపెనీలోని మరో డ్రైవరు నడిపాడు.

శ్మశానం గేటు దగ్గర లింగన్న అందరికంటే ముందు దిగి, గోడ పక్కన ఇసుకలో చెప్పులు విడిచాడు. లోపల చాలామంది చెప్పులతోనే నడుస్తున్నారు. అయినా మేము హిందువులం, ముస్లింలం అందరం అతని పక్క నుంచి మావి పెట్టుకుంటూ పోయాం. ఎవరూ చెప్పలేదు. ఇసుక ఇంకా కాలుతోంది. సమాధి దగ్గర లింగన్న వెనకే నిలబడిపోయాడు, తను మట్టి వేయవచ్చో లేదో తెలియక. హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన చెయ్యి పట్టి ముందుకు తీసుకొచ్చి, "ఆవ్ భాయ్, నువ్వు కూడ ఇయ్యి" అన్నాడు. లింగన్న వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. వదలడానికి కాస్త ఆలస్యం చేశాడు.

తిరిగి వచ్చి ఎవరి చెప్పులు వాళ్ళం తొడుక్కున్నాం. అప్పుడు గమనించాను. లింగన్న తన జతను గోడకు ఆనించి పెట్టలేదు. గోడకూ తన చెప్పులకూ మధ్య, వరుస మొదట్లో, ఇంకో జత పట్టేంత చోటు వదిలాడు. మా వాళ్ళెవరూ ఆ చోట్లో పెట్టలేదు.

డ్రైవరు బండి స్టార్టు చేసి, తలుపు తెరిచి ఉంచాడు. అందరి చెప్పులూ కాళ్ళకు ఉన్నాయి. ఇసుకలో వాటి అచ్చులు వరుసగా ఉన్నాయి, మొదట్లో ఏ అచ్చూ లేని కొంచెం చోటు. గాలికి ఇసుక మెల్లగా అచ్చుల్లోకి జారుతోంది. యల్లా అన్న మాట వినపడక, మేము ఎక్కకుండా అక్కడే నిలబడి ఉన్నాం.