సాధువును వదిలేసి రాసుకున్న పాఠం

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో ఛానళ్లు మారుస్తుంటే ఓ పాత కత్తియుద్ధాల సినిమా తగిలింది. అందులో రాణి గుర్రం మీద కోట అగడ్త దాటడం చూసి, నేను తింటున్న పేలాల గిన్నె కింద పెట్టేశాను. ఇదంతా నిజంగా జరిగిందా తాతా అని మనవరాలు అడిగింది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో చరిత్ర చెప్పినవాణ్ణి, అవుననలేక కాదనలేక టీవీకేసి చూస్తూ కూర్చున్నాను.

మన చదువులు ఎట్లా సాగాయో నా ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు. నేను చదివిందంతా ఉర్దూ మీడియం, మా చరిత్ర పుస్తకంలో ఆ రాణి ఊసే లేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నాళ్లకు హుజూరాబాద్ పక్క పల్లెలో నాకు మాస్టరు ఉద్యోగం దొరికింది, నేనెన్నడూ చదవని చరిత్రను నేనే తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఏడో తరగతికి ఏయే పాఠాలు చెప్పాలో జాబితా వచ్చింది గానీ పుస్తకం రాలేదు. అందులో రాణి పాఠం ఒకటి, ఆమె గురించి ఎవరినడిగినా తలో మాట చెప్పేవారు.

సరిగ్గా అప్పుడే హుజూరాబాద్ డేరా టాకీసుకు ఆ రాణి సినిమా వచ్చింది. పోస్టరు మీద చారిత్రక చిత్రమని రాసి ఉంటే అంతకన్నా ఏం కావాలనుకొని, పిల్లల్ని రెండు బండ్లలో ఎక్కించుకొని మొదటి ఆటకు తీసుకుపోయాను. నడుమ ఓ సాధువు మంత్రం చదివి మాయమయ్యేసరికి నాకు కాస్త అనుమానం వచ్చిన మాట నిజమే. అయినా మర్నాడు బడిలో, సాధువును వదిలేసి మిగతాదంతా రాసుకోండి అన్నాను. రాణి గెలిచింది, కోట నిలిచింది అని పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

పరీక్షలు పది రోజులున్నాయనగా పుస్తకాలు వచ్చాయి. అందులో రాణి ఓడిపోయింది.

ముందు వరుసలో కూర్చునే నేతపనివాళ్ల పిల్ల లేచి, "సార్, మరి మనం కండ్లార చూస్తిమి గద!" అంది. నేను పుస్తకం ఎత్తి చూపించి ఇదే నిజమన్నాను గానీ, నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఒక్క పరీక్ష తప్పినా బడి మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడతానని వాళ్ల బాపు ఆ పిల్లకు ముందే చెప్పి ఉన్నాడు.

ఆ పిల్ల పరీక్షలో కళ్లతో చూసిందే రాసింది. రెండు పేజీల నిండా గుర్రం, అగడ్త, గెలుపు అన్నీ ఉన్నాయి, నేను వద్దన్నాను కాబట్టి సాధువు మాత్రం లేడు. సున్నా వేస్తే పిల్ల తప్పుతుంది, మార్కులేస్తే ఇన్‌స్పెక్టరు కాగితాలు తిరగేసినప్పుడు నా సినిమా పాఠం బయటపడుతుంది. కొత్త ఉద్యోగం, పిరికితనం. సున్నా వేశాను.

బడి మాన్పించారని విని వాళ్లింటికి పోయాను. వాళ్ల బాపు మగ్గం ఆపకుండానే, "మీరే చెప్తిరి, మీరే తప్పంటిరి. ఇగ పొల్ల బడికొచ్చి ఏం నేర్సుకుంటది సారూ?" అన్నాడు. ఆ మాటలో కోపం కూడా లేదు. రాట్నం దగ్గర కూర్చున్న పిల్ల తలెత్తి, "సార్, ఆఖరికి రాణి గెలిచిందా, ఓడిందా?" అని అడిగింది. పుస్తకంలో ఓడింది అన్నాను. ఆమె తల వంచుకొని తెగిన దారం ముడి వేసుకుంది.

కొన్నేళ్లకు పుస్తకం మారింది, అందులో రాణి గెలిచింది. ఆ తర్వాతి పుస్తకం తేల్చి చెప్పలేమంది. మూడింటినీ నేను ఒకే గొంతుతో చెప్పాను. ఇప్పుడు టీవీ చర్చల్లో పెద్దమనుషులు ఆ రాణి కోసం కొట్లాడుకుంటుంటే, ఎవరిది చరిత్రో ఎవరిది సినిమానో నాకు మళ్లీ తికమకే.

మొన్న టీవీలో వచ్చింది ఆ డేరా టాకీసు సినిమాయే. సాధువు అదే చోట మాయమయ్యాడు, రాణి గెలిచింది. నాకు తెలియదు బిడ్డా అని మనవరాలితో అన్నాను. ఫరవాలేదు తాతా, వెతికి చెప్తానని ఆమె ఫోను తీసింది. ఈ కాలం పిల్లలకు వెతుక్కోవడానికి ఎన్ని చోట్లో! రాట్నం దగ్గరి ఆ పిల్లకు నేనొక్కణ్ణే ఉన్నాను, తెలియదన్న మాటైనా ఆమెకు చెప్పలేకపోయాను.