పుస్తకంగా వచ్చాక చెప్పండి

మొన్న శనివారం ప్లేనో లైబ్రరీకి పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్తే, అరల్లో సర్దాల్సిన పుస్తకాలు పేర్చిన తోపుడు బండి మీద మా చెల్లెలి కూతురు రాసిన పుస్తకం కనిపించింది. నలిగి నలిగి వీపు మీద తెల్లటి గీతలు పడ్డాయి. అట్ట మూల ఏ పాపాయో కొరికినట్టుంది. కౌంటర్ దగ్గరున్నావిడను అడిగితే, ఇది అరలో నిలవదండీ, వచ్చింది వచ్చినట్టే ఎవరో పట్టుకుపోతారు అంది. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం కార్‌లో కూర్చున్నాక స్టార్ట్ చేసే ఓపిక కూడా లేకపోయింది. అరవై దగ్గర పడ్డాక అలసటకు కారణం వెతుక్కోనక్కర్లేదు గాని, ఆ పూట అలసటకు కారణం నాకు బాగా తెలుసు.

ఆ పిల్ల ఈ దేశంలోనే, ఇక్కడి కాపెల్‌లో పుట్టి పెరిగింది. చర్చిలో తెలుగు పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడేది. 'ళ'లన్నీ 'ల'లయ్యేవి, దేవుడు ఏమీ అనుకున్నట్టు లేదు. పగలు ఒక ఇన్సూరెన్స్ ఆఫీస్‌లో ఉద్యోగం, మిగతా వేళంతా సూపర్‌హీరో కామిక్స్‌కి కథలు రాయడం. బొమ్మలు వేరొకరు వేసేవారు. ఎన్నో ఏళ్ళు ఇంకెవరి కథ వెనకాలో మిగిలిన ఎనిమిది పేజీలే ఆమెకు దక్కేవి. ఆ ఎనిమిది పేజీల్లోనే ఒక మనిషి పుట్టి, దెబ్బతిని, లేచి నిలబడేవాడు. ఒక ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు తింటూ, ముల్లు తీస్తూ తీస్తూ, "పెద్దమ్మా, నాకు మంత్లీ ఇచ్చారు" అంది. మంత్లీ అంటే నాకు ఏలూరు నుంచి విజయవాడ వెళ్ళే రైలు పాసే గుర్తొచ్చింది. అది కాదట, ప్రతి నెలా ఇరవై పేజీల సంచిక, అంతా తన కథే. శబ్దాన్ని మింగేయగల ఒక వీరవనిత ఉందట. కంపెనీ వాళ్ళు ఏనాడో అటక మీద పడేసిన పాత్ర. ఆమెను మళ్ళీ లేపమని ఈమెకు అప్పగించారు. మా చెల్లెలు అక్కడికక్కడే ప్రార్థన చేయించింది. పులుసు చల్లారిపోయింది.

సీరియల్ అంటే నాకు కొత్త కాదు. మా అమ్మ వారపత్రికలో సీరియల్ పేజీలు వారం వారం జాగ్రత్తగా చింపి, దబ్బనంతో పురికొస గుచ్చి కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. ఊళ్ళో వాళ్ళంతా ఆ కుట్టిన పుస్తకాలే అడిగి తీసుకెళ్ళేవారు. ఒకదాంట్లో పెళ్ళి ఘట్టం ఉన్న వారం గల్లంతైతే, అమ్మ ఆ కథను నోటితో చెప్పి పంపేది. చెప్పిన ప్రతిసారీ పెళ్ళికొడుకు ఇంకాస్త మంచివాడయ్యేవాడు. ఇక్కడా అంతే, ఐదారు నెలల సంచికలు కలిపి ఒక పుస్తకం వేస్తారు. ప్రకటనలు ఉండవు, మంచి కాగితం, అరలో నిటారుగా నిలబడుతుంది. తేడా ఏమిటంటే, మా అమ్మ వారం వారం పత్రిక కొన్నాకే పుస్తకం కుట్టేది. ఇక్కడి వాళ్ళకు పుస్తకం వస్తుందని ముందే తెలుసు.

కంపెనీ వాళ్ళకు ఇంకా ముందే తెలుసు. మా పిల్ల నెలకో కథ, ఆ నెలకే ముగిసేలా రాసుకుంది. ఎడిటర్ ఫోన్ చేసి, బాగున్నాయి కాని ఒకే కథను ఆరు సంచికలకు సరిపడా చేయి, పుస్తకం చక్కగా కుదురుతుంది అన్నాడట. దాంతో రెండు సంచికలకు సరిపోయే కథను ఆరింటికి లాగింది. పిండి పలుచన చేసినట్టుందని తనే అంది. మొదటి సంచిక వచ్చిన రోజు కాపెల్‌లో లాండ్రీ పక్కనున్న చిన్న కామిక్స్ షాప్‌కి అందరం వెళ్ళాం. ఇంటికొచ్చి మా వారు కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివారు. చివరి పేజీలో ఆ వీరవనిత తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగుతుంది. "ఇరవై పేజీలయ్యాయి, ఇంకా తలుపే తియ్యలేదేంటే!" అన్నారు. పిల్ల నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు గాని, ఎందుకు నచ్చలేదో ఆలోచించలేదు.

ఆ షాపాయన, గడ్డం నెరిసిన పెద్దమనిషి, నాకు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఏ సంచిక ఎన్ని కావాలో ఆయన ముందుగానే ఆర్డర్ పెట్టాలి. మిగిలిపోతే వెనక్కి తీసుకోరు. అందుకని నెలనెలా తీసుకుంటామని పేరు రాయించుకున్న వాళ్ళను చూసే తెప్పిస్తాడు. కంపెనీ ఆ ఆర్డర్లు చూసే కథ ఉంచాలా తీసేయాలా తేల్చుకుంటుంది. నేను తలూపి, పేరు మాత్రం రాయించలేదు. ప్లేనో నుంచి ప్రతి నెలా అంత దూరం డ్రైవ్ చేయాలా అనిపించింది. తర్వాతి ఆదివారం చర్చి భోజనాల దగ్గర గొప్పగా అందరికీ చెప్పాను. అందరూ దేవునికి స్తోత్రం అన్నారు. తర్వాత ఒకరి వెనక ఒకరు, "పుస్తకంగా వచ్చాక చెప్పండి ఆంటీ, ఒకేసారి చదివేస్తాం" అన్నారు. నాకూ అదే సబబనిపించింది. "వస్తే ఇరవై కాపీలు నేనే కొంటా" అని బిర్యానీ వడ్డిస్తూ ప్రకటించేశాను.

పిల్ల నన్ను వంటగది వైపు తీసుకెళ్ళింది. "పెద్దమ్మా, డోంట్ వెయిట్. నువ్వు బుక్ కోసం వెయిట్ చేస్తే వాళ్ళకి నువ్వు కనిపించవు. ఫస్ట్ బుక్ వస్తుంది మేబీ. తర్వాతది రాదు." అడగడం అలవాటు లేని పిల్ల. ఆ ఒక్కసారే అడిగింది. అలాగేలే అన్నాను. రెండో సంచిక కొన్నాను. మూడోది వచ్చేసరికి మా వారికి మోకాలి ఆపరేషన్. నాలుగోది ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు.

ఐదోది అచ్చులో ఉండగా కబురొచ్చింది, ఆరుతో ఆపేస్తున్నామని. తను పన్నెండు సంచికలకు, అంటే రెండు పుస్తకాలకు, కథ అల్లుకుంది. ఆరోది అప్పటికే రాసిచ్చేసింది, బొమ్మలు కూడా సగం అయ్యాయి. కథ అక్కడితో ముగిసేలా మార్చడానికి ఎడిటర్ రెండు పేజీలు ఇచ్చాడట. నేను ఫోన్ చేస్తే, "ఇట్స్ ఓకే పెద్దమ్మా, అందరికీ అవుతుంది" అని నన్నే ఓదార్చింది. వెంటనే కాపెల్ షాప్‌కి వెళ్ళాను. మిగిలిన సంచికలు ఉంటే అన్నీ ఇమ్మన్నాను. అడిగిన వాళ్ళు లేక నాలుగో సంచిక నుంచి మూడేసే తెప్పించాడట, అవీ అయిపోయాయి. "మీరు పేరు రాయిస్తారనుకున్నాను" అన్నాడు మెల్లగా. ఆయన నన్ను తప్పుపట్టలేదు. పట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

కొన్ని నెలలకు పుస్తకం వచ్చింది. ఆడిన మాట ప్రకారం ఇరవై కాపీలు కొని చర్చిలో పంచాను. అందరూ నిజంగానే చదివారు. ఒకేసారి చదివితే ఆ పలుచన తెలియలేదు. తలుపు దగ్గర ఆగడం కూడా ఎంతో బాగుంది. లైబ్రరీలు తీసుకున్నాయి, రెండోసారి అచ్చు వేశారు. ఎడిటర్ మెచ్చుకుంటూ మెయిల్ పెట్టాడు. అప్పటికి బొమ్మలు వేసినాయన ఇంకో కథలో ఉన్నాడు, ఆ వీరవనిత మళ్ళీ అటకెక్కింది. "రెండో భాగం ఎప్పుడాంటీ?" అని అడగని వాళ్ళు లేరు. ఎవరి మీదా కోప్పడే హక్కు నాకు లేదు. తెలిసి కూడా ఆగినదాన్ని నేనొక్కదాన్నే.

ఇప్పుడు తను కామిక్స్ మానేసి, ఎక్కడో దూరాన రెడ్‌మండ్‌లో ఉంటోంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, వస్తువు ఎలా వాడాలో చెప్పే పేజీలు రాస్తుంది. కిందటి వేసవిలో వెళ్ళి పది రోజులున్నాను. ఒక ఉదయం ఉప్మా తింటుండగా, ఇన్నాళ్ళూ నోటి దాకా వచ్చి ఆగుతున్న మాట అడిగేశాను. "ఏడో సంచికలో ఏమవుతుందే?"

చెంచా పట్టుకుని కిటికీ వైపు చూసింది. "మొత్తం ఉండేది పెద్దమ్మా, నా హెడ్‌లో. ఎండింగ్ కూడా." తర్వాత చిన్నగా నవ్వి, "ఇప్పుడు గుర్తు రావట్లే" అంది. అందులో నిష్ఠూరం లేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన గొడుగు గురించి చెప్పినట్టు చెప్పి, ఇంకొంచెం ఉప్మా వేసుకోమని గిన్నె నా వైపు జరిపింది. వేసుకున్నాను. తీరిక చిక్కాక చూద్దామని మనం కాలాన్ని కాస్త ఆగమంటాం. అది ఆగదు, మనకోసం తెచ్చినదాన్ని దారిలో ఎక్కడో దించేసి వట్టి చేతులతో ముందుకు వెళ్ళిపోతుంది.