పుటుక్కుమనే దాకా

విస్టీన్ దేన్నయినా చెవి దగ్గర పెట్టుకుని వంచుతాడు. చెట్టు పుల్ల కానీ, ఎండిన రొట్టె అంచు కానీ, వండని మాకరోనీ కానీ. కళ్లు మూసుకుంటాడు. మెల్లగా వంచుతాడు. పుటుక్కుమంటే తల ఊపుతాడు. అనకపోతే, "ఇంకా కాలేదు" అంటాడు. ఒకసారి బిషప్పుగారు ఊరికి వచ్చినప్పుడు ఆయన చేతికర్ర వైపు విస్టీన్ చూసిన చూపుకి చర్చి సేవకుడు హడలిపోయి మధ్యలో నిలబడ్డాడు.

ఈ అలవాటు గంజాయి వల్ల వచ్చింది. ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చని మాల్టాలో చట్టం వచ్చినప్పటి నుంచి విస్టీన్ నాలుగంటే నాలుగే పెంచుతున్నాడు. వేసవి పోగానే కొమ్మలు కోసి, మేడ మీది ఉతుకుడు గదిలో తలకిందులుగా వేలాడదీస్తాడు. పుల్ల వంగితే లోపల తడి ఉన్నట్టు. పుటుక్కున విరిగితే సీసాల్లోకి ఎత్తవచ్చు. తొందరపడితే బూజు పడుతుంది. ఊళ్లో తొందరపడని మనిషి అతనొక్కడే.

వేలాడదీసే తాడు మాత్రం చెల్లెలు మర్తెసెది. ఆమె కింది వాటాలో ఉంటుంది, భర్త పోయి ఆరేళ్లయింది. బట్టలారేసే చోటు కోసం ఏటా యుద్ధమే.

"పోయిన ఏడు నా దుప్పట్లకీ, గౌన్లకీ నీ గడ్డి వాసనే. చర్చిలో నా బెంచీ మొత్తం ఖాళీ అయింది, తెలుసా?"

"మంచిదేగా. కాళ్లు చాపుకుని కూర్చున్నావు."

ఈ ఏడు కాళ్లు చాపుకోవడమే చిక్కయింది. సెప్టెంబరు మొదట్లో మర్తెసెకి మోకాలి చిప్ప మార్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. "ఆరు వారాలు. నొప్పి పుట్టినా వంచాలి, నడవాలి, ఎక్కాలి. లేదంటే కాలు చెక్కలా బిగుసుకుపోతుంది. మళ్లీ మత్తిచ్చి నేనే వంచాల్సి వస్తుంది."

మర్తెసె ఒక్కసారి వంచింది. కేక పెట్టింది. ఆ తర్వాత కాలు చాపి కుర్చీలో కూర్చుంది, అంతే. వ్యాయామం చేయించడానికి వచ్చిన పిల్లకి కాఫీ, బాదం బిస్కట్లు పెట్టి పంపేసింది. మూడు వారాలు అలాగే గడిచాయి. విస్టీన్ చూస్తూ ఊరుకున్నాడు. కొమ్మలు కోసిన రోజున మెట్ల దగ్గర నిలబడి పిలిచాడు.

"మర్తెసా, పైకి రావే. నా చెవులు పోయాయి."

"ఎక్కడికి?"

"బాణసంచాకి. ముప్ఫై ఏళ్లు ఊరి ఉత్సవానికి టపాకాయలు చుట్టానా? ఇప్పుడు ఫలితం. పుల్ల విరిగినా వినబడట్లేదు."

"కిందికి తెచ్చి వంచు."

"నీ వంటింటి ఆవిరికి మెత్తబడిపోతుంది."

"అయితే కుళ్లిపోనీ."

"సరే. ఆర్నెల్ల చాకిరీ. కుళ్లిపోనీ."

అక్కడే మెట్టు మీద చతికిలబడి నిట్టూర్చాడు. మళ్లీ నిట్టూర్చాడు. మోకాలి నొప్పినైనా భరించగలదు కానీ, అన్న నిట్టూర్పుల్ని మర్తెసె భరించలేదు. లేచింది.

నలభై రెండు మెట్లు. ఊతకర్ర సాయంతో అరగంట పట్టింది. మెట్టుకొక పునీతుణ్ణి పిలిచింది. ముప్ఫయ్యో మెట్టుకి పునీతులు అయిపోతే అన్నని తిట్టడం మొదలుపెట్టింది. పైకి చేరాక విస్టీన్ ఆమె చెవి దగ్గర పుల్ల వంచాడు.

"ఏమైనా అందా?"

"లేదు."

"ఇంకా కాలేదు. సాయంత్రం మళ్లీ రా."

పొద్దున, సాయంత్రం. పొద్దున, సాయంత్రం. పునీతుల సంఖ్య రోజురోజుకీ తగ్గింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మర్తెసె పులుసులో ఉప్పు వేయబోతే డబ్బాలో ఉప్పు గడ్డకట్టి ఉంది. కిటికీ వైపు చూసింది. తెర బరువుగా వేలాడుతోంది. ష్లోక్! సముద్రం ఆవిరినంతా మోసుకొచ్చే ఆగ్నేయపు గాలి! పైన ఉతుకుడు గది కిటికీ తెరిచే ఉంది. అన్న బ్యాండు క్లబ్బులో పేకాడుతున్నాడు. ఆర్నెల్ల చాకిరీ!

గరిటె చేతిలోనే ఉండిపోయింది. మెట్లు ఎక్కిందో, మెట్లే ఆమెని ఎక్కించాయో. కిటికీ మూసింది. తలుపు సందులో తువ్వాలు కుక్కింది. పంకా పెట్టింది. అప్పుడు పిట్టగోడ దగ్గరికొచ్చి, ఊరి గుండెలు అదిరేలా కేక వేసింది.

"విస్టీన్! నీ గంజాయి చెమ్మెక్కుతోంది! పరుగెత్తు!"

వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. విస్టీన్ చేతిలో పేకముక్కలతోనే పరుగెత్తుకొచ్చాడు. మెట్ల కింద ఆగాడు. మర్తెసె ఊతకర్ర గోడకి ఆనించి ఉంది. దాన్ని తీసి తలుపు వెనక పెట్టాడు. అప్పుడు పైకి ఎక్కాడు.

"అన్నయ్యా, అంది! పుటుక్కుమంది! నేనే వంచాను, నేనే విన్నాను!" మర్తెసె రెండు పుల్ల ముక్కలు పట్టుకుని ఎగరడమొక్కటే తక్కువ.

"నాకేం వినబడలేదు. రేపు మళ్లీ వంచి చూద్దాం."

"విరిగిన పుల్లని మళ్లీ ఎలా విరుస్తావయ్యా?"

తప్పలేదు. సీసాల్లోకి ఎత్తారు. సీసాలకి మరో పని ఉంది. రోజుకి రెండుసార్లు మూత తీసి గాలి ఆడనివ్వాలి. వాసన చూడాలి. పచ్చిగడ్డి వాసన వస్తే ఇంకా మాగలేదని అర్థం.

"మర్తెసా, పైకి రావే. నా ముక్కు పోయింది."

"పోయిన వారం చెవులు, ఈ వారం ముక్కు. వచ్చే వారానికి తల కూడా పోతుందా?"

తిడుతూనే ఎక్కింది. ఏడు సీసాలు, ఏడు మూతలు. కర్ర సంగతి అడగనే లేదు.

ఆరు వారాలూ నిండాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ మోకాలు పట్టుకుంది. మర్తెసె కళ్లు గట్టిగా మూసుకుంది. ఈ పరీక్షలో తప్పితే మళ్లీ మత్తుమందే. కాలు నూనె వేసిన తలుపులా వంగింది.

"భేష్! ఏ వ్యాయామం చేశారు?"

"వ్యాయామమా? మా అన్న గంజాయికి కాపలా కాశాను."

"ఓహో, ఆ నలభై రెండు మెట్లా? ఆయన ప్రతి సోమవారం ఫోన్ చేసేవారు. రోజుకి రెండుసార్లు చాలా, మూడు చేయమంటారా అని. చలికాలమంతా మానకండమ్మా."

తిరుగు బస్సులో విస్టీన్ ముందు సీటులో కూర్చున్నాడు. ఇంజను గుర్రుమంటోంది. మర్తెసె కిటికీ వైపు తిరిగి, పెదవి కదిలీ కదలకుండా గొణిగింది.

"ముసలి దొంగ."

"దొంగలు నాలుగు మొక్కలతో ఆగరే," అన్నాడు విస్టీన్, వెనక్కి తిరక్కుండానే.

"పోయిన చెవులు ఎప్పుడొచ్చాయి?"

"ఇప్పుడే. బస్సు ఎక్కాక."

ఊరొచ్చేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఇంటికి రాగానే ఆమె మేడెక్కి ఏడు సీసాలూ బిగించి, మాగడం పూర్తయిందనీ, ఇక తన తాడు తనకి ఇచ్చేయాలనీ తేల్చి చెప్పింది. విస్టీన్ బుద్ధిగా తల ఊపాడు.

మర్నాడు పొద్దున్నే విస్టీన్ బజారుకి వెళ్లి ఆరు పెట్టల్ని కొనుక్కొచ్చి మేడ మీద వదిలాడు. వాటికి రోజుకి రెండు పూటలా మేత వేయాలి. తనకి చిన్నప్పటి నుంచీ కోళ్లంటే భయమన్న సంగతి అతనికి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది.