ఎవరి ముడీ నచ్చని కినుయే పెద్దమ్మ

కినుయే పెద్దమ్మకు ఎవరు వేసిన ముడీ నచ్చదు. కూర నచ్చకపోతే నోరు మూసుకుని తినేది. మనిషి నచ్చకపోతే నవ్వి పలకరించేది. ముడి నచ్చకపోతే మాత్రం అక్కడికక్కడ విప్పి మళ్ళీ వేసేదాకా ఆవిడ వేళ్ళు ఊరుకునేవి కావు. అది ఎవరి ముడైనా సరే, ఎంతమంది చూస్తున్నా సరే.

నేను ఎచిగో కొండల్లోని ఈ ఊరికి కోడలిగా వచ్చిన రెండో రోజున, పుట్టింటి నుంచి తెచ్చిన ఎండుచేపల మూట పట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడి, నడుం వంచి నమస్కారం పెట్టాను. తలెత్తేసరికి మూట నా చేతుల్లో లేదు.

"ఎవరు కట్టారమ్మా దీన్ని?" అంది పెద్దమ్మ.

"మా అమ్మండీ."

"పాపం," అని మూట విప్పి, తిరిగి కట్టి, అప్పుడు నా మొహం చూసింది. "పిల్ల బాగుంది."

ఊరి పెద్ద మొరోహాషి గారి సంగతి ఇంకా ఘోరం. ఒక ఏడు శరదృతువు పండగకు గుడి మెట్ల మీద నిలబడి ఆయన చేసిన ఉపన్యాసం ఎంతకీ అవలేదు. పొలాల గురించి చెప్పాడు, రోడ్ల గురించి చెప్పాడు, చివరికి తన చిన్నప్పటి బడి గురించి కూడా చెప్పాడు. తర్వాత తెలిసింది, ఆయన చెప్పదలచుకున్నది ఐదు నిమిషాల్లోనే అయిపోయిందట. కింది మెట్టు మీద కూర్చున్న పెద్దమ్మ చేతుల్లో ఆయన బూట్ల తాళ్ళు రెండూ ఉండిపోయాయట.

డాక్టరు దగ్గరా అంతే. చెయ్యి తెగితే కట్టు కట్టించుకుని, ఆయన మందు చీటీ రాసి తలెత్తేలోపు కట్టు విప్పి మళ్ళీ కట్టేసుకుంది.

"ఇంక నేనెందుకమ్మా? నువ్వే కూర్చో ఈ కుర్చీలో," అన్నాడాయన.

"మందు నువ్వే ఇయ్యి నాయనా. కట్టు వరకే నేను."

ఇవన్నీ ఏడాది పొడుగునా ఉండే ముచ్చట్లు. నవంబరు వచ్చిందంటే మాత్రం నవ్వులాట కాదు. మా దగ్గర పడే మంచు దూదిలా ఉండదు, తడిసిన గోనెసంచిలా బరువుగా ఉంటుంది. ఏమరుపాటుగా ఉంటే మొదటి మంచుకే కొమ్మలు ఫెళఫెళ విరుగుతాయి. అందుకని ఆకు రాలగానే ప్రతి ఇంటివాళ్ళూ పెరట్లో గుంజలు పాతి, కొమ్మలను పైకి లాగి గడ్డితాళ్ళతో కట్టాలి. పొదలను దగ్గరకు చేర్చి గడ్డిచాపలు చుట్టాలి. కిటికీలకు బయటినుంచి పలకలు బిగించాలి. నాలుగు నెలలు తినాల్సిన ముల్లంగిని గోతిలో పేర్చి, దాని మీద గుంజలతో, గడ్డిచాపలతో చిన్న గుడిసె నిలబెట్టాలి. ఒక్కో పెరట్లో తక్కువలో తక్కువ నూరు ముడులు. పగలంతా చేతులు పగిలేలా మేం కట్టుకునేవాళ్ళం. తెల్లారేసరికి వాటిలో సగం పెద్దమ్మవి అయిపోయి ఉండేవి. ఆవిడ వేసేది జారుముడి. ఎంత బరువు పడ్డా బిగిసే ఉంటుంది, వేలాడుతున్న కొస పట్టుకుని లాగితే మాత్రం ఒక్కసారిగా ఊడిపోతుంది.

ఊరంతా దీనికి అలవాటుపడింది, తోకుజీ బాబాయి తప్ప. మా పెరటికి కుడివైపు పెద్దమ్మ, ఎడమవైపు ఆయన. డెబ్భై ఏళ్ళ ఒంటరి మనిషి. ఆయన వేసేది మగముడి. తాతల నాటి నుంచి ఈ కొండల్లో మగవాళ్ళంతా వేసేది అదే. తడిసిందంటే రాయి.

"ఒకసారి వేశానంటే ఏప్రిల్ దాకా దేవుడు దిగొచ్చినా విప్పలేడు," అనేవాడు గర్వంగా.

"దేవుడి సంగతి సరే. నువ్వు విప్పగలవట్రా?" అనేది పెద్దమ్మ. ఆవిడకన్నా ఆయన నాలుగేళ్ళు చిన్న. బడికి ఆవిడ చెయ్యి పట్టుకునే వెళ్ళేవాడట.

"నేనెందుకు విప్పుతానక్కా? కొడవలితో కోస్తాను."

"కొడవలి ఎక్కడ పెట్టావో గుర్తుంటే."

ఆ ఏడు బాబాయి పెరటి గుమ్మానికి చెక్కపలక వేలాడదీశాడు. 'నా ముడుల జోలికి రావద్దు' అని పెద్దపెద్ద అక్షరాలతో. మర్నాడు పొద్దున పలక అక్కడే ఉంది, అక్షరాలూ ఉన్నాయి. దాన్ని వేలాడదీసిన తాడుకు మాత్రం జారుముడి పడింది.

"ఈసారి నా పెరట్లో నీ వేలు పడిందో, నేను మనిషిని కాను!" అని నా పెరటి మీదుగా అరిచాడు బాబాయి.

"వేలేం పెడతాను? రెండు చేతులూ పెడతాను!" అని అటునుంచి కేక.

మధ్యలో నేను గడ్డితాడు పట్టుకుని తల వంచుకున్నాను.

మంచు మామూలుగా డిసెంబరులో మొదలవుతుంది. ఆ ఏడు నవంబరు పద్దెనిమిదిన పొద్దున్నే రేడియోలో చెప్పారు, ఆ రాత్రికి పెద్ద మంచు పడుతుందని. మా ఊళ్ళో సగం పెరళ్ళకు ఒక్క గుంజ కూడా లేవలేదు. మా ఆయన అప్పటికే కొండ దిగి పనికి వెళ్ళిపోయాడు. నేను పరుగున పెరట్లోకి వచ్చేసరికి ఆకాశం సీసం రంగులో కిందికి దిగినట్టుంది. కాకులు కూడా అరవడం లేదు. వీధి పొడుగునా గుంజలు దిగగొడుతున్న చప్పుడు తప్ప ఒక్క మాట వినబడటం లేదు. తోకుజీ బాబాయి తెల్లారకముందే లేచి ముల్లంగి గుడిసె నిలబెట్టేశాడు, ముల్లంగి మాత్రం ఇంకా పెరట్లోనే గుట్టగా పడుంది.

రాత్రికి వస్తుందన్న మంచు పదకొండు గంటలకే వచ్చింది. అరచేయంతేసి రేకులు, తడితడిగా, ఆగకుండా. రెండయ్యేసరికి మోకాలి కిందికి వచ్చింది. నేను కామెలియా చెట్టుకు చాప చుట్టలేక తంటాలు పడుతుంటే పెద్దమ్మ తన పని వదిలేసి వచ్చింది. అప్పుడు కూడా ముందు నా ముడి విప్పింది.

"పెద్దమ్మా, ఇప్పుడు కూడానా!" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఇప్పుడే కావాలి," అంది.

సరిగ్గా అప్పుడే ఎడమవైపు నుంచి దబ్బుమని చప్పుడైంది. నేల అదిరింది. వెనువెంటనే ఎవరో మూలిగినట్టయింది.

కంచె దాటి పరుగెత్తాం. బాబాయి సామాన్ల కొట్టు రేకు కప్పు మీదున్న మంచు సగం జారి, సరాసరి ముల్లంగి గుడిసె మీద పడింది. గుడిసె ఒక పక్కకు ఒరిగింది. దూరే దారి పూర్తిగా పూడిపోయింది.

"బాబాయ్!"

"లోపలున్నా," అని వినబడింది. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది గొంతు. "చేతులు కదలడం లేదు. చాప మీదకొచ్చేస్తోంది."

నేను దారి దగ్గర మంచు తవ్వబోయాను. పిడికెడు తీస్తే బారెడు జారింది. లోపల గుంజ కిర్రుమంది. తలెత్తి చూస్తే కప్పు మీద మిగిలిన సగం మంచు అంచు దాటి వేలాడుతోంది. అది ఊడితే కింద మేం ముగ్గురం.

"వెనకనుంచి చాప తియ్యాలి. తవ్వొద్దు," అంది పెద్దమ్మ.

వెనక్కి వెళ్ళి చేతికి దొరికిన ముడి పట్టుకున్నాను. మగముడి. తడిసి, ఉబ్బి, గడ్డకట్టి, చేతిలో గులకరాయి ఉన్నట్టుంది. గోరు విరిగింది, ముడి కదల్లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"బాబాయ్! కొడవలి ఎక్కడుంది?"

బాబాయి లోపల గొంతు సవరించుకున్నాడు.

"నా నడుముకే ఉంది," అన్నాడు చిన్నగా.

"మా ఇంట్లోది తెస్తా," అని నేను కదలబోతుంటే కప్పు మీద రేకు టపటపలాడింది. పెద్దమ్మ నా మాట వినడం లేదు. చేతి తొడుగులు విసిరేసి, గుడిసె వెనకాల ఇంటివైపు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డివాళ్ళు తడిమినట్టు తాళ్ళను తడుముతోంది. పెదాలు నీలమయ్యాయి. వెనక చాపనంతా కలిపి పట్టి ఉంచిన పెద్ద తాడు దగ్గర వేళ్ళు ఆగాయి.

"వాడి కాళ్ళు పట్టుకోవడానికి సిద్ధంగా ఉండు, కోడలు పిల్లా. నేను తాడు లాగగానే నువ్వు వాణ్ణి లాగు."

ఆవిడ కొస పట్టుకుని వెనక్కి వాలింది. సర్రుమంది. చాప మొత్తం తలుపు తెరిచినట్టు ఇటు పడిపోయింది. లోపల రెండు రబ్బరు బూట్లు కనిపించాయి. నేను ఒకటి, ఆవిడ ఒకటి పట్టుకుని ఈడ్చాం. ముల్లంగి దుంపలతో సహా తోకుజీ బాబాయి బయటికి వచ్చాడు. అలా ఈడ్చుకుంటూనే నాలుగు బారలు వెళ్ళామో లేదో, కప్పు మీద మిగిలింది కూడా జారి గుడిసెను నేలమట్టం చేసింది.

ముగ్గురం మంచులో కూర్చుని ఆ గుట్టనే చూస్తూ ఉండిపోయాం. మొదట మాట వచ్చింది బాబాయికే.

"ఆ చాప నేను మగముడి వేసి కట్టాను."

"అవును," అంది పెద్దమ్మ.

"మరి ఎలా ఊడింది?"

"పొద్దున నువ్వు టీ తాగడానికి లోపలికి వెళ్ళావుగా."

బాబాయి మొహం ఎర్రబడింది. అది చలికో కోపానికో చెప్పలేను. "ఎన్ని మార్చావు?"

"ఒక్కటే."

"నిజం చెప్పక్కా."

"ఈ గుడిసెకు ఒక్కటే," అంది పెద్దమ్మ. "చెట్ల సంగతి అడక్కు."

ఆయన ఒళ్ళంతా వణుకుతూ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకు పక్కటెముకలు నొప్పెట్టి "అబ్బా" అన్నాడు, మళ్ళీ నవ్వాడు. మా ఇంటికి తీసుకెళ్ళి దుప్పట్లు కప్పి, వేడివేడి సూపు తాగించాం. పెద్దమ్మ కూడా ఒక గిన్నె తాగి, వెళ్తూ వెళ్తూ ఆయనకు నేను చుట్టిన మఫ్లరు ముడి విప్పి కట్టింది. ఈసారి ఆయన గడ్డం పైకెత్తి కట్టించుకున్నాడు.

మర్నాటికి మంచు ఆగి ఎండ కాసింది. వీధి చివర మిసావో అత్త ఎలా ఉందో చూద్దామని బయలుదేరాను. ఆవిడ కుడి భుజం పడిపోయి మూడేళ్ళయింది, చెయ్యి నడుం దాటి లేవదు. వాళ్ళ పెరట్లో గుడిసె చుట్టూ చూస్తే జారుముడి కొస సరిగ్గా నడుం ఎత్తులో, ఎడమచేతి వైపు వేలాడుతోంది. ఏదో అనుమానమొచ్చి పక్క పెరట్లోకి తొంగి చూశాను. అక్కడి ముసలాయనకు చూపు ఆనదు. ఆయన కొసకు ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంది. ఆ పక్కింట్లో వేళ్ళు వంకర్లు పోయిన ముసలమ్మ ఉంటుంది. ఆవిడ కొస చివర మణికట్టు పట్టేంత ఉచ్చు ఉంది, వేళ్ళతో పని లేకుండా. ఊళ్ళో పదకొండు పెరళ్ళు తిరిగాను. ఏ రెండు ముడులూ ఒక్కలా లేవు.

తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ వసారాలో కూర్చుని ఎండబెట్టడానికి పెర్సిమన్ పళ్ళ తొక్క తీస్తోంది.

"ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా ఎవరికీ?" అన్నాను.

"ఏం చెప్పాలి?"

"ముడుల సంగతి."

ఆవిడ ఇంకో పండు తీసుకుంది. "నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో నవంబరు అయ్యేసరికి మగాళ్ళందరూ పట్నం పనులకు వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళేముందు బాగా బిగించి వెళ్ళేవాళ్ళు. పెరడు విరగదు, సరే. జనవరిలో ముల్లంగి కోసం వెళ్తే ఆ ముడి రాదు. కొడవలికి మంచు పట్టి తెగేది కాదు. మా అత్తగారు పళ్ళతో లాగేది. ముందు పన్ను ఒకటి అలాగే పోయింది." తొక్క చివరిదాకా తెగకుండా తీసి పక్కన పెట్టింది. "కట్టేవాడు వెళ్ళిపోతాడమ్మా. విప్పాల్సింది ఇంట్లో ఉన్నవాళ్ళు."

"అది చెబితే ఎవరూ మీ మీద అరవరుగా."

"చెబితే మిసావో ఏడుస్తుంది, తన భుజం సంగతి నేను చూశానని. అరిస్తే నాకేం? చెవులు సగమే వినిపిస్తున్నాయి."

నేను మా పెరట్లోకి వచ్చి కామెలియా చుట్టూ తిరిగాను. కొస ఎడమవైపు ఉంది. నాది ఎడమచేతివాటం. అన్నం కుడిచేత్తోనే తినడం పుట్టింట్లో తిట్లు తిని నేర్చుకున్నాను. ఈ ఊరికొచ్చి పదహారేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా తెలియదు.

మూడు రోజుల తర్వాత తోకుజీ బాబాయి కొట్టుకు దూరంగా కొత్త గుడిసె నిలబెట్టాడు. నడుం పట్టుకుని కంచె దాకా వచ్చి, ఎటో చూస్తూ, "అక్కా, తీరిక ఉంటే ఒకసారి రా," అన్నాడు. ఆ 'తీరిక ఉంటే' అన్న మాట పూర్తి కాకముందే పెద్దమ్మ తాడు పట్టుకుని ఆయన పెరట్లో ఉంది.

ముడి వేసి, కొస వదిలింది. బాబాయి దాని పక్కన నిలబడి చూసుకున్నాడు. కొస ఆయన ఛాతీకి సరిగ్గా అందుతోంది. ఆయన మొహం మాడింది.

"ఇంత కిందికా? నేనేం అంత పొట్టివాణ్ణి కాదు. ఇంకో మూరెడు పైకి కట్టు."

నేను నవ్వు ఆపుకోలేక అటు తిరిగాను. పెద్దమ్మ మాత్రం "సరే, నీ ఇష్టం," అని విప్పి మూరెడు పైకి కట్టింది. ఆయన భుజాలు విరుచుకుని, చెయ్యి పైకి చాపి, మునివేళ్ళ మీద లేచి కొస అందుకుని, "ఆ, ఇదీ ఎత్తంటే!" అని తృప్తిగా ఇంట్లోకి వెళ్ళాడు.

తలుపు మూసుకున్న చప్పుడు వినేదాకా పెద్దమ్మ ఆగింది. తర్వాత నాకు నోటి మీద వేలు చూపించి, ముడి విప్పి, మళ్ళీ ఛాతీ ఎత్తుకు దించి కట్టింది.