మూడు మూరల డిక్కీ

మా కంపెనీలో కారు లీజుకు తీసుకునే సదుపాయం ఉంది. కారు మనది కాదు కానీ మూడేళ్లు మన గుమ్మం ముందే ఉంటుంది. అద్దె మాత్రం జీతంలోంచి, పన్ను లెక్కకు ముందే, కోసేసుకుంటారు. ఈ సంగతి మా న్యూ టౌన్ ఫ్లాట్‌లో భోజనాల దగ్గర నోరు జారి చెప్పాను. అంతే, కంచం ముందు నుంచే నాన్న కాలిక్యులేటర్ తెమ్మన్నాడు. నాన్న బ్యాంకు ఆఫీసరుగా శ్రీకాకుళం నుంచి కలకత్తా వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయిన మనిషి. వడ్డీ అన్న మాట వినబడితే ఆయనకు ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది.

"సెడాన్ తీసుకోవే, ఇంక ఆలోచనేటి?" అన్నాడు.

"వ్యాగన్ తీసుకుందాం నాన్నా," అన్నాను.

వ్యాగన్ అంటే సెడాన్‌కే పైకప్పును చివరిదాకా లాగినట్టుండే పొడుగు కారు. వెనక సీట్లు వాల్చేస్తే నవారు మంచం పట్టేస్తుంది. ఈ ఊళ్లో దాన్ని పట్టుమని పదిమంది కూడా కొనరు. సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు నాన్న.

"లీజంటే బండి రేటు కట్టడం కాదే. మూడేళ్లలో దాని రేటు ఎంత పడిపోద్దో, అంత కడతాం మనం. సెడాన్ అయితే పాతదైనా ఎవుడో ఒకడు ఎగరేసుకుపోతాడు. నీ పొడుగు బండినెవుడు కొంటాడు? అందుకే దానికి అద్దె ఎక్కువ. ఆ తేడా దాచుకుంటే మంచి ఫ్రిజ్ వచ్చేస్తది."

ఆ లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ నేను వ్యాగన్ అన్నది అమ్మ వీణ కోసం. బొబ్బిలిలో ఒకే పనస దుంగలోంచి చెక్కిన వీణ అది. విడదీయడానికి రాదు, మడవడానికి రాదు. నా చిన్నతనంలో పసుపుపచ్చ టాక్సీలు ఉండేవి. వాటి వెనక సీటు విశాలంగా ఉండేది. అమ్మ వీణను ఒళ్లో పెట్టుకుని కచేరీ దాకా దారంతా శ్రుతి చూసుకుంటూ కూర్చునేది. నేను ఒక మూల నక్కేదాన్ని, నాన్న ముందు డ్రైవరు పక్కన. ఆ టాక్సీలు తగ్గిపోయి ఫోన్‌లో పిలిచే చిన్న కార్లు వచ్చాయి. వాటి డ్రైవర్లు వీణను చూడగానే రైడు రద్దు చేసేవారు. అలా అమ్మ వెళ్లడం మానేసింది. వెళ్లడం మానేశాక ఇంట్లో వాయించడమూ మానేసింది. భవానీపూర్‌లో మన తెలుగువాళ్లు ఏటా ఉగాదికి పిలుస్తారు, అమ్మ ఏటా మోకాళ్ల నొప్పులంటుంది. ఈ ఉగాదికి ఆ మోకాళ్లను ఎలాగైనా స్టేజీ ఎక్కించాలని నా పంతం.

"నా వీణకి కారేటే, నలుగురూ నవ్వుతారు!" అంది అమ్మ. అంటూనే వీణ మీది గుడ్డ దులిపింది.

నాన్న రాజీకొచ్చాడు. సెడాన్ డిక్కీలో వీణ పడితే సెడాన్, లేకపోతే చూద్దాం. టేపు కోసం ఇల్లంతా వెతికి, దొరక్క, తనే మోచెయ్యి వేసి వీణను కొలిచాడు. మూడు మూరలు. షోరూమ్‌కి వెళ్లాక ఆయన సేల్స్ అబ్బాయితో అద్దె దగ్గర బేరంలో పడిపోయాడు కాబట్టి, డిక్కీని ఈ మూల నుంచి ఆ మూలకు అమ్మ కొలిచింది. మూడు మూరలు! నాన్న ముఖం చూడాలి. ఫ్రిజ్ ఇంటికొచ్చేసినట్టే వెలిగిపోయింది.

నేను మాత్రం పెట్టి చూడందే సంతకం పెట్టనన్నాను. "అవును, చీరైనా భుజమ్మీద వేసుకుని చూడకుండా కొంటామేటి?" అని అమ్మ నా పక్షాన చేరింది.

వీణను షోరూమ్‌కి తీసుకెళ్లడానికి ఒక మాటడోర్ మాట్లాడాం. ఈ ఊళ్లో సామాన్లు మోసే చిన్న లారీని అలాగే అంటారు. నాన్న డ్రైవరు పక్కన కేబిన్‌లో కూర్చున్నాడు. వెనక చాప పరుచుకుని అమ్మా నేనూ ఎక్కాం. కుదుపులకు దెబ్బ తగులుతుందని అమ్మ వీణను ఒళ్లో పెట్టుకుంది. మేం మరిచిపోయిందేమిటంటే, ఆ ముందు రోజే సరస్వతీ పూజ. బైపాస్ నిండా మాటడోర్లే, ప్రతి మాటడోర్‌లోనూ నిమజ్జనానికి వెళ్తున్న సరస్వతీదేవి, ఒళ్లో వీణతో. ఆ వరసలో, రెండు విగ్రహాల మధ్య, పసుపు చీర కట్టుకుని మా అమ్మ!

సిగ్నల్ దగ్గర ఆగాం. పక్క బస్సు కిటికీలోంచి ఒకావిడ భక్తిగా చేతులు జోడించింది. అమ్మకు తుమ్మొచ్చింది. ఆవిడ కెవ్వుమంది. బస్సు మొత్తం మావైపు వాలిపోయింది. నాకు నవ్వాగక చాప మీద పడి దొర్లుతున్నాను. వెనక బండిలో ఢక్కా వాయించే ఢాకీ వాయింపు ఆపి, "మా, ఏక్‌టా బాజాన్!" అని అరిచాడు, ఒకటి వాయించమ్మా అని. అమ్మ సిగ్గుపడుతుందనుకున్నాను. కొంగు బొడ్లో దోపి, బిరడాలు తిప్పి, మొదలెట్టేసింది! వెనకనుంచి ఢక్కా, చుట్టూ హారన్లు, మధ్యలో మా బొబ్బిలి వీణ. సిగ్నల్ పచ్చగా మారినా ఎవరూ కదల్లేదు. అంత సంతోషంగా నేను ఈ ఊళ్లో ఎప్పుడూ ట్రాఫిక్‌లో ఇరుక్కోలేదు. కేబిన్ అద్దంలోంచి నాన్న మెడ తిప్పి, ఏమిటేమిటని చేతులూపుతూనే ఉన్నాడు.

షోరూమ్‌లో వీణను సెడాన్ డిక్కీలో పెట్టాం. కుండ లోపలికి వెళ్లింది, చివరనున్న సింహంలాంటి యాళి తల మాత్రం బయటికి నిక్కి మమ్మల్ని చూస్తోంది.

"మూడు మూరలే కదా!" అన్నాడు నాన్న.

"ఎవరి మూరలండీ?" అంది అమ్మ.

ఇద్దరూ మోచేతులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. బెత్తెడు తేడా. సేల్స్ అబ్బాయి కూడా తన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ముగ్గురివీ మూడు రకాలు. ముప్పై ఏళ్లు పైసా తేడా రాకుండా లెక్కలు రాసిన మనిషి అక్కడే మెట్టు మీద కూలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

వ్యాగన్‌లో ఒక పక్క సీటు వాలిస్తే వీణ హాయిగా పడుకుంది. దాని పక్కనే అమ్మకూ చోటు మిగిలింది. కానీ ఇప్పుడు అమ్మే అడ్డం తిరిగింది.

"సెడానే తీసుకోండి. కచేరీ ఉన్ననాడు మాటడోర్లో ఎల్తాను. నాకదే సరదాగా ఉంది. ఉగాదికి వస్తానని ఫోన్ చేసి చెప్పేస్తాను."

ఎగిరి గంతేశాను. నాకు కావలసింది అదే. పైగా లెక్క ప్రకారం కూడా అదే సరైనది. అప్పుడప్పుడు మాటడోర్ కిరాయి ఎంత ఇచ్చినా వ్యాగన్ అద్దె తేడాకు దరిదాపుల్లోకి రాదు. సేల్స్ అబ్బాయి సెడాన్ కాగితాలు నా ముందుకు జరిపాడు.

"వ్యాగన్ కాగితాలు తియ్యి బాబూ," అన్నాడు నాన్న.

"ఫ్రిజ్ వద్దా నాన్నా?"

"మాటడోర్లో నాకేటీ వినబడలేదే."

అమ్మ వీణ మీద గుడ్డ సర్దుతూ, "ఇంట్లో వినొచ్చు కదా," అంది.

"ఇంట్లో నువ్వు వాయించి ఎన్నేళ్లయింది?"

నేను ఎక్కువ అద్దె ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను. పెట్టి తలెత్తేసరికి నాన్న వ్యాగన్ ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"ఏదీ, ఇప్పుడు వాయించు," అన్నాడు.